టేపు 212: ఉప్పుటేరుపేట, ఇరవై మూడు ఇళ్ళు

నమోదు 1
జూన్ 2, ఉదయం 8.10

శిలపర్తి కాలేజీ రేడియో, టేపుల గది. హాజరు: నేనొక్కదాన్నే. మెట్ల మీద పీతలున్నాయి గానీ వాటికి సంతకం రాదు.

సముద్రం ఈ రోజు పోటుకి మూడో మెట్టు దాకా వచ్చింది. ఒకప్పుడు కింది అంతస్తులో ప్రిన్సిపాలు గది ఉండేది. ఇప్పుడు నీళ్ళున్నాయి. పాలనలో పెద్ద తేడా కనబడలేదు.

పని: టేపు 188ని సన్న వేడి పెట్టెలో ఎనిమిది గంటలు ఆరబెట్టడం. పాత టేపు తేమ పీల్చి జిగురు తేలుతుంది. ఆరబెట్టకుండా ఆడిస్తే పొట్టుతో పాటు గొంతూ ఊడివస్తుంది. మా అమ్మ అప్పడాల మీద కూడా ఇంత శ్రద్ధ పెట్టలేదు. అయితే మా అమ్మ అప్పడాలు ఎవరికీ ఇంటిస్థలం ఇప్పించలేదు. ఇవి ఇప్పిస్తాయి.

నా వయసు డెబ్బై తొమ్మిది. పేరు కొచ్చెర్ల సుభద్ర. ఈ స్టేషన్‌లో అనౌన్సరుగా చేరి, నాటకాలాడి, చివరికి టేపుల గదికి కాపలాదారునయ్యాను. ఇప్పటి స్టేషన్ ఇన్‌చార్జి నా మనవరాలు ఇందు. ఇక్కడ ఆవిడ నాకు పై అధికారి. ఇంటికి వెళ్ళాక కూడా అదే అనుకుంటుంది, అది వేరే సంగతి.

ఈ పుస్తకం సిరాతోనే రాయాలి. అల్లిక గొంతుల ఏడాది తర్వాత కంప్యూటర్లో ఉన్నది ఏదీ సాక్ష్యం కాదు. యంత్రాలు మనుషుల గొంతులు అల్లితే, చచ్చినవాళ్ళు ఫోన్లో మాట్లాడి పొలాలు రాసిచ్చిన ఏడాది అది. అప్పుడే మా ప్రిన్సిపాలు స్టోరు గదిలోంచి పాత స్పూల్ మెషీన్లు తీయించి, ఇకమీదట టేపు, సిరా, సంతకం అన్నాడు. అందరూ నవ్వారు. నేను కాస్త ఎక్కువ నవ్వాను.


నమోదు 2
జూన్ 4, ఉదయం 10.30

ఒకామె పడవ దిగి వచ్చింది. నలభై ఆరేళ్ళుంటాయి. చేతులు ఉప్పు తిన్న గోడలా పగిలి ఉన్నాయి. చీటీ మీద ఒక నంబరు రాయించుకుని తెచ్చింది.

"మామ్మగారండి, నా పేరు ఎర్రమ్మండి. మాది ఉప్పుటేరుపేట. కోర్టులో గుమస్తాబాబు మీ పుత్తకం నకలు సూసి సెప్పినాడు. రొండొందల పన్నెండో టేపంట. ఇరవై మూడిళ్ళు. మా యమ్మ పేరు దాసమ్మండి."

నా చేతిలో స్పిరిట్ సీసా ఉంది. మెషీను తలలు తుడుస్తున్నాను. తుడవడం ఆపలేదు.

ఆ చీటీకి ఇంత విలువ ఎందుకో రాస్తాను. వారానికోసారి నేను ఒక పేటకి వెళ్ళి కార్యక్రమం రికార్డు చేసేదాన్ని. మైకు చూస్తే మనుషులు కొయ్యబారిపోతారు. టేపు మీద గొంతు ఎంత ఎత్తున పడుతుందో, ఆ లెవెల్ తెలియాలంటే ఏదో ఒకటి మాట్లాడించాలి. అందుకని ప్రతి ఇంటివాళ్ళనీ రెండు అడిగేదాన్ని: మీరెవరు, ఇవాళ ఏం కూర. సూరాడ వాళ్ళమండి, ఎండు నెత్తళ్ళు వంకాయ. మైలపల్లి వాళ్ళమండి, ఆనపకాయ పులుసు. లెవెల్ చూసుకుని మీటరు ముల్లు సరిచేసేదాన్ని. అసలు కార్యక్రమం తర్వాత మొదలయ్యేది. అందులో వ్యవసాయాధికారి ప్రసంగం ఉండేది, పాపం.

సముద్రం పేటల్ని తీసుకున్నాక ఆ ప్రసంగాలు ఎవరికీ అక్కరలేకపోయింది. ఇక్కడ మేం బతికాం అని చెప్పే కాగితాలన్నీ కంప్యూటర్లలోవే, చెల్లనివే. చివరికి మిగిలింది మా కూరల హాజరు. మెట్ట కోర్టు దాన్ని ఒప్పుకుంది. టేపులో గొంతు, పుస్తకంలో అదే రోజు సిరా, రెండూ కలిస్తే ఆ ఇంటికి నీళ్ళందని మెట్ట మీద స్థలం. పదకొండు పేటలు, ఆరు వందల నలభై కుటుంబాలు అలా మెట్ట ఎక్కాయి.

"ఇరవయ్యో తారీకుకి జాబితా మూసేత్తారంట," అంది ఎర్రమ్మ. "మేం ముప్పై ఒక్క కుటుంబాలయ్యాం ఇప్పుడు. వొంతెన కింద పడవల్లో ఉన్నాం. జాబితాలో నేకపోతే లోపలి శిబిరాలకి తోలేత్తారు. ఒక్కో కుటుంబం ఒక్కో సోటికంట. పదమూడో తారీకు మా వాయిదా."

"టేపు ఆరబెట్టాలమ్మా. నాలుగు రోజులు పడుతుంది," అన్నాను.

ఎనిమిది గంటలు చాలునని పై పేజీలోనే రాశాను.


నమోదు 3
జూన్ 5, ఉదయం 9.00

రాయాల్సింది రాస్తాను.

నలభై ఒక్కేళ్ళ కిందట అక్టోబరు 9న నేను ఉప్పుటేరుపేట వెళ్ళాను. ఇరవై మూడిళ్ళ హాజరు తీసుకున్నాను. అయితే నేను వెళ్ళింది హాజరు కోసమే కాదు. ఆ నెలలో రాష్ట్రస్థాయి నాటిక పోటీ ఉంది. అందులో నాది ఉప్పమ్ముకునే మనిషి వేషం. ఆ యాస పట్టాలి. దాసమ్మ అనే ఆమెను మూడు గంటలు మాట్లాడించాను. పాపం, రేడియో ఆవిడ తన మీద ఇంత ఆసక్తి చూపిస్తోందని మురిసిపోయింది.

మర్నాడు నాటిక రికార్డింగు. ఖాళీ టేపు లేదు. అప్పటికే కొత్త టేపు తయారుచేసేవాళ్ళు ఎవరూ లేరు. పాటల టేపులు చెరిపి వాడుకోవచ్చు, పేటల టేపు మాత్రం ఇద్దరి సంతకం లేకుండా చెరపకూడదు. ప్రిన్సిపాలు రూలు. పాటల టేపు వెతకడానికి అరగంట పడుతుంది. 212 బల్ల మీదే ఉంది. ఈ పేట ఎక్కడికి పోతుందిలే, వచ్చే గురువారం మళ్ళీ వెళ్తే సరి అనుకున్నాను.

ఇస్త్రీపెట్టె అంత అయస్కాంతంతో రెండు వైపులా చెరిపాను. శుభ్రంగా చెరిపాను. ఏ పనైనా శుభ్రంగా చెయ్యడం నాకు అలవాటు.

ఆ సాయంత్రం ఆరున్నరకి ఉప్పుటేరుపేట కార్యక్రమం వెయ్యాలి. నాదస్వరం వేశాను. పుస్తకంలో మాత్రం ఇలా రాశాను: "టేపు 212. ఉప్పుటేరుపేట, ఇరవై మూడు ఇళ్ళు. ప్రసారమైంది. భద్రపరచడమైంది." సంతకం.

వచ్చే గురువారం రిహార్సలు. ఆపై గురువారం పోటీకని విశాఖలో ఉన్నాను. ఆ వారంలోనే సముద్రం వచ్చింది. మనుషులు బతికారు, పేట బతకలేదు.

నాటికకి ద్వితీయ బహుమతి వచ్చింది. మొదటిదైనా కాదు.


నమోదు 4
జూన్ 7, మధ్యాహ్నం 12.15

ఎర్రమ్మ మళ్ళీ వచ్చింది. నాలుగు దోసకాయలు తెచ్చింది. పడవ మీద తొట్టెలో పండించిందట. వద్దంటే వినలేదు.

"ఆరినాదండీ టేపు?"

"ఆరుతోంది."

గుమ్మం దగ్గర కూర్చుంది. ఉప్పుటేరుపేటలో తన చిన్నతనం గురించి చెప్పింది, నేను అడక్కుండానే.

"నాకప్పుడు ఐదేళ్ళండి. మీరొచ్చినరోజు జ్ఞాపకమే. పచ్చంచు సీర కట్టుకున్నారు. మర్నాడు పొద్దుగూకి అందరం రేడియో కాడ కూకున్నాం. సన్నాయే వొచ్చింది. మా పేర్లు రానేదు. మా యమ్మ అంది కదా, మన గొంతులు బావోనేదేమోలే, సదువుకున్నోళ్ళకి నచ్చనేదేమో అని."

నేను దోసకాయ తొక్క తీస్తున్నాను. లోపలి కండ కూడా చెక్కేశాను.

"తరవాత ఏసుంటారు, మేమే ఇన్నేదు," అని తనే సర్దుకుంది. "మామ్మగారండి, ఒకటడుగుతాను. మా యమ్మ ఆ రోజు ఏ కూర సెప్పిందండి?"

"గుర్తు లేదమ్మా."

ఇందులో మాత్రం అబద్ధం లేదు. అది ఇంకా అన్యాయం.


నమోదు 5
జూన్ 9, ఉదయం 7.40

ఇందు మెట్ట మీద మీటింగుకి వెళ్ళింది. మధ్యాహ్నం దాకా రాదు. నా దగ్గర పాత టేపు ఒకటుంది, నాలుగు పాటలు చెరిపితే ఖాళీ. మెషీనుంది. ఇరవై మూడు గొంతులు పలికించగల మనిషి కూడా ఉంది. రేడియో నాటకంలో ముసలి తాత దగ్గర్నుంచి మేకపిల్ల దాకా అన్నీ నేనే చేశాను.

ఐదిళ్ళు రికార్డు చేశాను. సూరాడ వాళ్ళు, ఎండు నెత్తళ్ళు. కాస్త గొంతు జీర పెట్టి ఒక ముసలాయన. వెనక కోడి అరుపు. కోర్టు కాదు కదా, ఆ కోడి కూడా నమ్మేది.

ఆరోది దాసమ్మ. మైకు ముందు నోరు తెరిచాను. వచ్చింది దాసమ్మ గొంతు కాదు, నాటికలో నా గొంతు. రెండోసారి ప్రయత్నించాను. మళ్ళీ అదే. మూడు గంటలు ఆ మనిషి ఎదురుగా కూర్చుని విన్నదాన్ని, ఇప్పుడు నాకు మిగిలింది ఆవిణ్ణి నేను ఎలా అనుకరించానో అది మాత్రమే. టేపు మీద చెరిపినట్టే తల లోపల కూడా చెరిపేసి, నన్ను నేను ఎక్కించుకున్నాను.

అల్లిక గొంతుల ఏడాది యంత్రాల్ని తిట్టినవాళ్ళలో నేనే ముందున్నాను. వాటికి కరెంటు కావాలి. నాకు ఒక గ్లాసు వేడినీళ్ళు చాలు.

ఆ ఐదిళ్ళనీ చెరిపేశాను.


నమోదు 6
జూన్ 10, మధ్యాహ్నం 3.00

ఇందుకి చెప్పాను.

"మామ్మా, జోకా?"

"నా జోకులు ఇంతకంటే బాగుంటాయి."

కుర్చీలో కూలబడింది. తర్వాత లేచి తలుపు వేసింది, మెట్ల మీద పీతలు వింటాయన్నట్టు.

"రూలు తెలుసుగా? పుస్తకంలో ఒక్క అబద్ధం బయటపడితే పుస్తకం మొత్తం అనుమానమే. అరడజను పేటలవాళ్ళు ఇళ్ళు కూడా కట్టుకున్నారు. వాళ్ళందరి స్థలాలూ ఇరుకున పడతాయి."

"తెలుసు."

"తేమకి పాడైందని రాసెయ్. టేపులు పాడవుతూనే ఉంటాయి. ఒక్కరూ అడగరు."

"ఆ మాట నాకు రెండ్రోజుల కిందటే తట్టింది. రెండో అబద్ధం మీ తాతయ్య రెండో పెసరట్టులాంటిది. మొదటిదాని కంటే సులువుగా వస్తుంది."

"నీ మనసు తేలికపడ్డానికి ఆరు వందల ఇళ్ళు బరువు మొయ్యాలా మామ్మా?"

ఈ పిల్లని నేనే చదివించాను. దానికి మాటలు నేర్పింది కూడా నేనే.

"ఆ పదకొండు పేటలవాళ్ళకీ గొంతులున్నాయి ఇందూ," అన్నాను. "ఎన్నిసార్లు అడిగినా అవి అదే చెబుతాయి. కష్టపడతారు, నన్ను తిడతారు, కానీ నిలబడతారు. వీళ్ళకి ఏముంది? నా సంతకం ఒక్కటే. అదీ దొంగది."

"నిలబడతారని నీకు గట్టిగా తెలుసా?"

"తెలీదు."

ఇందు సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. ఇంటి దగ్గర అన్నం వడ్డించింది. కూరలో ఉప్పు వెయ్యలేదు. మరిచిపోయిందో, కావాలనే చేసిందో అడగలేదు.


నమోదు 7
జూన్ 13, సాయంత్రం 4.30

మెట్ట కోర్టు. అధికారి నాగభూషణంగారు. ఎర్రమ్మ కొత్త రవిక తొడుక్కుని వచ్చింది. వంతెన కింద నుంచి ఇరవై మందిదాకా ఆమె వెనకే వచ్చారు. వాళ్ళ వాయిదా చూడ్డానికి మెట్ట ఎక్కిన పదకొండు పేటలవాళ్ళు కూడా చాలామంది చేరారు. మెట్ట మీద వేరే వినోదం లేదు.

ఎర్రమ్మకి ముందే చెప్పాల్సింది. పడవలో చెబుదామనుకున్నాను, నా చెయ్యి పట్టుకుని ఎక్కించింది. మెట్ల దగ్గర చెబుదామనుకున్నాను, "మీరున్నారు గాబట్టి బతికిపోయాం" అంది. చెప్పలేదు. బోనులోకి ఎక్కాక అందరి ముందూ చెప్పాను. పిరికితనంలో కూడా నేను పెద్ద సభే కోరుకుంటాను కాబోలు.

నాగభూషణంగారు కళ్ళజోడు తీసి నావైపు చూశారు.

"అబద్ధం రాసిన చెయ్యీ, ఇప్పుడు నిజమంటున్న నోరూ ఒకరివే కదమ్మా. దేన్ని నమ్మమంటారు?"

"రెంటినీ నమ్మకండి. టేపులు వినండి. వాటంతట అవి మరిచిపోలేవు. మరిపించడానికి నాలాంటి మనిషి, ఒక అయస్కాంతం కావాలి."

ఆ పదకొండు పేటల్లో ఒకటైన జీలుగుపాలెం పెద్దాయన వెనక నుంచి అరిచాడు: "ఓ ముసలమ్మా! నువ్వు పోతూ పోతూ మా ఇళ్ళు కూడా అట్టుకుపోతావేటి?"



గంట తర్వాత ఉత్తర్వు చదివారు. నా చేతిరాతలో ఉన్న ప్రతి నమోదూ అనుమానాస్పదం. పేటల టేపులు డెబ్బై నాలుగూ మొదటి నుంచి చివరి దాకా కోర్టు గుమస్తా ఎదుట ఆడించాలి. ఆయా ఇళ్ళవాళ్ళు వచ్చి విని గుర్తుపట్టాలి. గుర్తుపట్టినవి నిలుస్తాయి. అప్పటిదాకా ఎవర్నీ ఖాళీ చేయించరు, జాబితా మూయరు. ఉప్పుటేరుపేట అర్జీకి ఆధారం లేదు. వేరే టేపు సాక్ష్యం ఏదైనా జాబితా మూసేలోగా తెస్తే చూస్తారు. లేకపోతే కొట్టివేత.

పుస్తకానికి బాధ్యురాలని ఇందుని ఇన్‌చార్జి పదవి నుంచి తప్పించారు. టేపుల్ని ఆరబెట్టడం తెలిసిన మనిషి ఇంకొకరు లేరు కాబట్టి నన్ను తప్పించలేదు. ఇది న్యాయం కాదని నాకు తెలుసు.

తిరుగు పడవలో ఎర్రమ్మ అటు చివర కూర్చుంది.


నమోదు 8
జూన్ 16, ఉదయం 9.20

ఎర్రమ్మ వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"మా పేటని తుడిసేసి దాని మీద ఏటి ఎట్టినారో అది ఇనిపించండి."

212 ఎక్కించాను. ఇరవై ఎనిమిది నిమిషాలు. హాస్య నాటిక. ఉప్పమ్మే మనిషి ఊళ్ళోకి రావడం, ఆఫీసరు గారితో బేరం, జనం నవ్వులు. "ఉప్పో... ఉప్పూ..." అని నా కేక గది దద్దరిల్లేలా వచ్చింది. ఆ కేకకే బహుమతి ఇచ్చామని న్యాయనిర్ణేతలు అప్పట్లో అన్నారు.

ఎర్రమ్మ కదలకుండా విన్నది. ఒక్కసారి కూడా నవ్వలేదు. అయిపోయాక అంది:

"మా యమ్మ అరిసేది కాదండి. ఊరూరూ తిరిగేది, అరుత్తే గొంతు పోద్ది కదా. ఉప్పు కొలిసే కుంచం మీద సేత్తో కొట్టేది. టక టక టక. ఆ సప్పుడికే ఆడోళ్ళు బయటికొచ్చేవోరు."

కుంచం మీద చప్పుడు. ఆ మూడు గంటల్లో దాసమ్మ నాకు చెప్పే ఉంటుంది. అది మాట కాదు కాబట్టి నేను రాసుకుని ఉండను.

"ఎర్రమ్మా, నేను..."

"మీరేటి సెప్పినా మా పేట రాదు కదండి. టేపులు ఎన్నింటికి మొదలెడతారు?"

"పదింటికి. జీలుగుపాలెం వాళ్ళు వస్తున్నారు."

"నేనూ కూకుంటాను."


నమోదు 9
జూన్ 19, మధ్యాహ్నం 1.10

ఆడించినవి: 207, 208, 209. హాజరు: కోర్టు గుమస్తా, జీలుగుపాలెం వాళ్ళు పద్నాలుగుమంది, ఎర్రమ్మ, నేను. ఇందు కూడా వచ్చింది. పదవి లేకపోయినా స్పూళ్ళు చుట్టిపెడుతోంది. నాతో రెండే మాటలు మాట్లాడింది: "కాఫీ తాగావా?" తాగలేదని చెప్పాను. ఇవ్వలేదు.

మూడు రోజులుగా తిట్లు తింటున్నాను. నిన్న ఒకామె తన చచ్చిపోయిన అత్తగారి గొంతు విని ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, నన్ను మళ్ళీ మొదటి నుంచి తిట్టింది. ఇప్పటిదాకా ఏ ఇల్లూ తప్పలేదు. ఒక్కొక్క గొంతూ తన మనిషిని వెతుక్కుంటోంది. అలాగని నేను ధైర్యం తెచ్చుకునే స్థితిలో లేను. ఇంకా డెబ్బై ఒక్కటి ఉన్నాయి.

209 జీలుగుపాలెం. ఉప్పుటేరుపేటకి మూడు వారాల ముందు రికార్డు చేసింది. పదకొండో ఇల్లు. నా గొంతే, ముప్పై ఎనిమిదేళ్ళది, గలగలా: "మీరెవరమ్మా, ఇవాళ ఏం కూర?"

ఒక ఆడమనిషి గొంతు: "చోడిపల్లి వాళ్ళమండి. కూరేటండీ, గంజే. ఉప్పు నేదు. ఉప్పుటేరుపేట దాసమ్మ ఇయాల రానేదు. దాని కూతురు ఎర్రికి జొరమొచ్చిందంట, పసిది..."

చోడిపల్లివారి కోడలు ముందు లేచింది. "మా యత్త! ఇది మా యత్తే! ఉప్పు దాసమ్మని నేనూ ఎరుగుదును, మా వాకిట్లోనే దింపేది తట్ట!" గుమస్తా కలం తీశాడు. టేపు మీద పేటుంది, మనిషి పేరుంది, పిల్ల పేరుంది. దాన్ని గుర్తుపట్టిన సాక్షి ఎదురుగా నిలబడి ఉంది. పొరుగు సాక్ష్యం కింద రాసుకుంటానన్నాడు. అధికారి ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఒక ఇల్లు. ఉప్పుటేరుపేట, ఇరవై మూడులో ఒకటి.

ఎర్రమ్మ ముందుకు వచ్చి మెషీను పక్కన కూర్చుంది.

"జీలుగుపాలెమోళ్ళే కాదండి. పదకొండు పేటలూ మా ఉప్పే తిన్నాయి," అంది. "ఎక్కడో ఒకకాడ అందరూ ఉంటారు. డెబ్బై ఒక్కటి ఉన్నాయన్నారు కదా?"

"ఉన్నాయి."

"అయితే అవి అయ్యేదాకా మీరు సచ్చిపోడానికి ఈల్లేదు. ఆ తరవాత మీ ఇష్టం."

జీలుగుపాలెం పెద్దాయన పక్కున నవ్వాడు. ఇందు కూడా, తల అటు తిప్పుకుని.

"ఆ ముక్క మళ్ళీ ఎయ్యండి," అంది ఎర్రమ్మ.

వెనక్కి తిప్పి వేశాను. గంజే, ఉప్పు నేదు, దాసమ్మ, ఎర్రికి జొరం, పసిది... అక్కడ ఆపాను. ఆ తర్వాత ఏముందో నాకు తెలుసు. ఇందాక గోలలో ఎవరూ వినలేదు.

"ఆపేసినారేటి? ఇంకా ఉంది కదా."

"తర్వాత నా మాటలేనమ్మా. సాక్ష్యానికి పనికిరావు."

"అదీ ఎయ్యండి."

వేశాను. దాసమ్మ ఇంటి సంగతి ఆ మనిషి ఇంకా చెప్పబోతోంది. ఊపిరి తీసుకోవడం కూడా టేపు మీద ఉంది. అంతలో నా గొంతు, చాలా మర్యాదగా, చాలా స్పష్టంగా: "చాలమ్మా, చాలు. లెవెల్ సరిపోయింది."